బ్యాటరీలన్నీ మార్చే ముందు

లాల్‌బాగ్‌లో పెద్దవాళ్ళను తిప్పే బ్యాటరీ బండ్లను మన సభ్యులలో చాలామంది చూసే ఉంటారు. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే ఈ రకం బండి ఇప్పుడు బెంగుళూరులో పెద్ద అపార్టుమెంట్లలోకి కూడా వచ్చింది. పిల్లలకు అది సరదా. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు మాత్రం గేటు దాకా, గుడి దాకా వెళ్ళాలంటే అదే ఆధారం. అది చార్జు ఎక్కక మూలపడితే ఇంట్లో కూర్చుండిపోయేది వాళ్ళే.

బ్యాటరీ బండి మన ఊరికి కొత్త కాదు. 2001లో ఇక్కడ తయారై అమ్మకానికి వచ్చిన రేవా కారు 6 వోల్టుల బ్యాటరీలు ఎనిమిదింటితో, అంటే 48 వోల్టులతో నడిచేది. అదే కారు జీ-విజ్ అనే పేరుతో లండన్ వీధుల్లోనూ తిరిగింది. గోల్ఫ్ బండి అమరిక కూడా దాదాపు ఇదే. ఆరో ఎనిమిదో బ్యాటరీలను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు. రైలులో ఒక పెట్టెకు బ్రేకులు పట్టేస్తే బండి మొత్తం ఈడ్చుకుపోయినట్లే, వీటిలో ఒక్కటి చెడినా మిగిలినవన్నీ చెడినట్లే కనిపిస్తాయి.

మా అపార్టుమెంటులో జరిగింది ఇదే. రాత్రంతా చార్జరు పెట్టినా బండి నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయేది. చూడవచ్చిన మెకానిక్ మూత తీసి, ఎనిమిదీ మార్చాలన్నాడు. కమిటీలో కొందరు బండినే అమ్మేద్దామన్నారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? బ్యాంకులో సాయంత్రం లెక్క తేలకపోతే పుస్తకాలు చించెయ్యం, ఒక్కొక్క వోచరూ సరిచూస్తాం. అలాగే మీటరు పెట్టి ఒక్కొక్క బ్యాటరీనీ చూశాం. ఏడింటిలో 6.2 వోల్టులు, ఒకదానిలో 4.1. 6 వోల్టుల బ్యాటరీలో మూడు గదులుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు. అంటే ఆ ఒక్కదానిలో ఒక గది చచ్చిపోయిందన్నమాట. ఫైలు తిరగేస్తే ఆ సెట్టు కొని ఏడాది కూడా కాలేదు, గ్యారంటీ ఉంది. ఆ ఒక్కటి మారింది, బండి కదిలింది.

అందుకని, ఖర్చు తక్కువైన వాటి నుంచి మొదలుపెట్టి వరుసగా చూడండి. మొదట గోడ సాకెట్టు: అందులో ఒక టేబుల్ లైటు పెడితే కరెంటు వస్తోందో లేదో తెలిసిపోతుంది. తరువాత చార్జరు వైరు, ప్లగ్గు, బండి వైపు సాకెట్టు: నల్లబడినా, కాలిన వాసన వచ్చినా దోషం అక్కడే ఉండవచ్చు. మూడోది టెర్మినల్స్: తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే, వంటసోడా కలిపిన నీళ్ళతో, లోపలికి చుక్క పడకుండా, తుడిచి బిగించాలి. నాలుగోది నీళ్ళు. లోపలి ప్లేట్లు ఎప్పుడూ మునిగి ఉండాలి. పొయ్యవలసింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. కావేరి నీళ్ళూ వద్దు, బోరు నీళ్ళూ వద్దు. ప్లేట్లు పైకి తేలి ఉంటే అవి మునిగేంత మాత్రం పోసి చార్జు పెట్టి, పూర్తయ్యాక మిగతాది నింపాలి. ముందే నిండుగా పోస్తే పొంగి యాసిడ్ బయటికి వస్తుంది.

ఐదోది మీటరు పరీక్ష. పూర్తిగా చార్జయిన 6 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు ఊరుకున్నాక సుమారు 6.3 చూపించాలి. తక్కిన వాటికన్నా బాగా తగ్గినదే దొంగ. సెట్టు పాతదైతే మాత్రం ఒక్కటే కొత్తది వెయ్యడం దండగ. పాతవాటితో కలిసి అదీ త్వరగా దెబ్బతింటుంది.

చార్జరు అసలు చడీచప్పుడూ చెయ్యకపోతే అది పాడైందని అప్పుడే తీర్మానించకండి. చాలా ఆటోమేటిక్ చార్జర్లు బ్యాటరీలలో కొంతైనా వోల్టేజి కనిపిస్తేనే పని మొదలుపెడతాయి. నెలల తరబడి కదలక పూర్తిగా దిగిపోయిన బండిని అవి గుర్తించవు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క బ్యాటరీకీ విడిగా కాస్త చార్జు ఎక్కిస్తే దారిలోకి రావచ్చు.

ఒక హెచ్చరిక. చార్జు అవుతున్నప్పుడు వీటినుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడేచోట పెట్టాలి, దగ్గర్లో అగ్గిపుల్ల గియ్యకూడదు. ఉంగరం, వాచీ తీసి, కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకోనిదే ఎవరూ చెయ్యి పెట్టవద్దు. లిథియం బ్యాటరీ ఉన్న బండికి నీళ్ళ పని లేదు, కాని దానికి తగిన చార్జరే వాడాలి.

అన్నిటికన్నా చవకైన మరమ్మతు అలవాటు. తిరిగిన రోజు రాత్రే చార్జు పెట్టించండి. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్లమీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జు పెట్టినా ఎక్కదు. నెలకొకసారి నీళ్ళు చూసి తేదీతో సహా పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం, కొన్న బిల్లు, గ్యారంటీ కార్డు ఒకేచోట ఉంచండి. బండి లేనివారు ఈ ఆదివారం మీ ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ సంగతి చూడండి. అది నీళ్ళు పోసే రకమైతే, ఆఖరుసారి ఎప్పుడు పోశారో ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?