ఇంటికి వచ్చి చెప్పగల సినిమా



సంక్రాంతి సెలవులలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఒక తల్లి మమ్మును చర్చి మెట్ల దగ్గర ఆపారు. "అయ్యగారూ, మావాడు ఇంటర్ రెండో సంవత్సరమండి. కాలేజీ స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరూ రాజమండ్రి వెళ్లి సినిమా చూస్తామంటున్నారు. మా ఆయనేమో వద్దంటున్నారు. ఆ అబ్బాయి మన విశ్వాసము కాదు, పైగా ఇంటికొచ్చిన చుట్టము. ఏం చెప్పమంటారండీ?" అని అడిగారు.

మెట్ల మీద నిలబడి రెండు మాటలే చెప్పగలిగాము. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక మిగిలినవి ఇక్కడ వ్రాస్తున్నాము.

సినిమా హాలు గడప తొక్కడమే పాపమని విని పెరిగినవారము మేము. అయితే 1978లో విడుదలైన 'కరుణామయుడు' మా ప్రాంతానికి వచ్చినప్పుడు, అలా చెప్పిన పెద్దలే మమ్మును వెంటబెట్టుకొని హాలుకు తీసికొనిపోయారు. విజయచందర్ గారు క్రీస్తు వేషములో సిలువ మోస్తూ కనబడగానే మా పెద్దలు కండువాలతో కన్నులు తుడుచుకొన్నారు. హాలు గోడలలో పాపమేమీ లేదని ఆ రోజు మాకు అర్థమైనది. తెర మీద ఏమున్నది, చూచిన తరువాత మనస్సులో ఏమి మిగిలినది అని మాత్రము అడుగవలసియున్నది.

గోదావరి వారికి సినిమా పరాయిది కూడా కాదు. ఆంధ్రలో మొదటి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ 1936లో రాజమండ్రిలోనే వెలసినది. 1964 నాటి 'మూగ మనసులు' మన గోదావరి మీద తీసినదే. ఇప్పుడైతే సెల్‌ఫోనులో సినిమా పిల్లల పక్క మీదికే వచ్చినది. హాలుకు పోవద్దన్నంత మాత్రాన పిల్లలను కాపాడుకొన్నట్టు కాదు. మంచి చెడ్డలు చూచి ఎంచుకోవడము నేర్పాలి.

మా సంగతి ఒకటి చెబుతాము. చిన్నతనములో పక్క ఊరి చెరువు గట్టున టూరింగ్ టాకీసు వేశారు. స్నేహితుడు పిలిచాడు. ఇంటిలో గృహ ప్రార్థనకని చెప్పి నేల టిక్కెట్టుకు పోయాము. తిరిగి వచ్చేసరికి అమ్మ అన్నము తినక మా కోసము కూర్చున్నది. "ఈ రోజు ఏ వాక్యము చెప్పారు నాన్నా?" అని అడిగినది. మా నోట మాట రాలేదు. అమ్మ మరేమీ అడుగలేదు. కంచములో అన్నము వడ్డించినది. ఆ సినిమాలో చెడ్డ ఏమీ లేదు, కథ కూడా సగము మరచిపోయాము. అమ్మ అడిగిన ప్రశ్న మాత్రము ఈనాటికీ మరువలేదు.

అందుచేత ఆ తల్లితో మేమన్నది ఇదే: "రాత్రి అన్నాల దగ్గర, చెల్లెలు వింటుండగా, కథ చెప్పగల సినిమా ఎంచుకొమ్మనండి."

ఎంచుకొనుటకు కొన్ని సంగతులు. మొదట సెన్సారు గుర్తు చూడాలి. 'యు' అంటే అందరూ చూడదగినది. 'ఏ' అంటే 18 ఏండ్లు నిండినవారికే. మధ్యనున్న 'యుఏ'ను 2024 నుండి 7, 13, 16 ఏండ్ల చొప్పున మూడుగా చేశారు. ఆ వయసు లోపు పిల్లల విషయము తలిదండ్రులు ఆలోచించుకోవాలని దాని అర్థము. అయితే ఈ గుర్తు వయసు వరకే చెబుతుంది. ఆ కథ బీదవానిని ఎగతాళి చేస్తున్నదా, ఆడపిల్ల వెంటబడి వేధించుటను ప్రేమ అంటున్నదా, పగ తీర్చుకొనుటే మగతనము అంటున్నదా అన్నది మనమే విచారించాలి. ఫిలిప్పీ 4:8 చదివి ఆలోచిస్తే సులువుగా తెలుస్తుంది.

మొదటి రోజు తోపులాటలో, బ్లాకు టిక్కెట్టుకు పోనవసరము లేదు. నాలుగు రోజులు ఆగితే చూచినవారిని అడుగవచ్చును. తండ్రి పొలములో ఒళ్లు వంచి సంపాదించిన డబ్బు అది. ఆదివారము ఉదయము ఆట వద్దు; మధ్యాహ్నపు ఆటకు పోతే చీకటి పడకముందే బస్సు ఎక్కవచ్చును.

ఇక స్నేహితుని మాట. కొరింథు సంఘములోనూ ఇటువంటి చిక్కు వచ్చినది. అవిశ్వాసి విందుకు పిలిస్తే ఏమి చేయాలని. 1 కొరింథీ 10:23-33 చదవండి. పౌలు ఆ పిలుపును త్రోసివేయమనలేదు. మనకు చెల్లునా అనుటతో ఆగక, ఎదుటివానికి మేలా అని కూడా చూడమన్నాడు. కాబట్టి ఆ అబ్బాయి మనసు నొచ్చుకొనే సినిమాకు మనము పిలువరాదు. మన మనస్సాక్షి ఒప్పుకోనిదానికి మొగమాటపడి పోనూరాదు. "ఇది బాగోలేదు, వెళ్లిపోదామా?" అని ఇంటర్వెల్‌లో ఒకరితో ఒకరు చెప్పుకోగలిగితే అదే మంచి స్నేహము.

మరుసటి ఆదివారము ఆ తల్లి నవ్వుతూ ఎదురు వచ్చారు. పిల్లలిద్దరూ చెప్పిన వేళకే ఇల్లు చేరారట. అన్నాల దగ్గర మావాడు కథ చెప్పడము మొదలుపెట్టాడండి, వాడు మరచినచోట ఆ అబ్బాయి అందుకొన్నాడండి అన్నారు. వద్దన్న తండ్రి గోడ వైపు తిరిగి తింటున్నారట. సగము కథలో పిల్లవాడు మంచినీళ్లకని లేస్తే, ఆయనే ఇటు తిరిగి, "తరువాత ఏమయిందిరా?" అని అడిగారట.

తండ్రులారా, తల్లులారా, మన పిల్లలు ఏమి చూచివచ్చినా మనతో చెప్పుకోగల ఇండ్లను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.