ఆకును చదివే తరం రావాలి

నల్లగొండ బత్తాయి తోటల్లో పుట్టి పెరిగిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! అప్పు చేసి బోర్లు వేసి, ఎండాకాలాలు దాటించి మీ నాన్నలు ఆ చెట్లను నిలబెట్టారు. ఇవాళ ఆ చెట్టుకు ఏం వేయాలో, ఎంత వేయాలో ఎరువుల దుకాణం చెబుతోంది. ఆ లెక్క మీ చేతుల్లోకి తీసుకోండి!

యూరియా పడగానే తోట నిగనిగలాడుతుంది. ఆ నిగనిగే మనల్ని మోసం చేస్తోంది. నత్రజని మితిమీరితే చెట్టు కొమ్మలకూ ఆకులకూ పోతుంది. కాయ తోలు మందమవుతుంది, గరుకుబారుతుంది, రంగు ఆలస్యంగా తిరుగుతుంది. కాయ ఊరాలన్నా, రసం నిండాలన్నా పొటాష్ కావాలి. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు మనం మొదట మానేసేది దాన్నే!

ఐదేళ్లు దాటిన బత్తాయి చెట్టుకు ఏడాదికి 1500 గ్రాముల నత్రజని, 350 గ్రాముల భాస్వరం, 400 గ్రాముల పొటాష్ వేయాలన్నది మన శాస్త్రవేత్తల సిఫారసు. ఆ నత్రజనిలో సగం పశువుల ఎరువు, పిండి ద్వారా అందాలి. మిగతా 750 గ్రాములకు యూరియా ఎంత కావాలి? సుమారు 1.6 కిలోలు, అదీ ఏడాది మొత్తానికి. డిసెంబరు–జనవరిలో సగం, జూన్–జులైలో సగం. మీ తోటలో ఎంత పడుతోందో ఈ రాత్రే నాన్నతో కూర్చుని చూడండి.

ఎరువును చెట్టు మొదలు దగ్గర గుమ్మరించకండి. తిండి తీసుకునే పీచువేళ్లు కొమ్మల కింద, నీడ అంచు దాకా పరుచుకుని ఉంటాయి. ఎరువు అక్కడ వేసి, మట్టిలో కలిపి, వెంటనే తడి ఇవ్వండి.

ఆకును చదవడం నేర్చుకోండి. లేత ఆకు చిన్నదై ఈనెల మధ్య పసుపు తేలితే జింకు లోపం. ముదురాకు అంచుల నుంచి పసుపెక్కి, తొడిమ దగ్గర ఆకుపచ్చ త్రికోణం మిగిలితే మెగ్నీషియం లోపం. బస్తాల కొద్దీ యూరియా పోసినా ఈ పసుపు పోదు. జింకు లోపానికి లీటరు నీటిలో 5 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొత్త చిగురు మీద పిచికారీ చేయాలి. ఖర్చు కొంచెమే, కావలసింది చూసే కన్ను. చదువుకున్న మీకు అది లేదంటే నేను నమ్మను.

పెద్దలు ఒప్పుకోరా? వాదించకండి. పది చెట్లు అడిగి తీసుకోండి, ఒక కాపు మీ లెక్కతో పెంచండి, కాయలు తూచి చూపించండి. వచ్చే దఫా ఎరువు వేసేలోపే చెట్ల కింది మట్టి తీసి పరీక్షకు పంపండి. ఆ కాగితం చేతికొచ్చాకే దుకాణం మెట్లెక్కండి!