లేతు మీది భాగము: ఒక అపవాద ఖండనము

వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు పత్తితోడను, మిర్చి బస్తాలతోడను వచ్చు రైతు, సరుకు కాంటా ఎక్కి పట్టీ చేతికి అందిన పిమ్మట, ఆ సొమ్ములో కొంత యంత్ర సామగ్రికి వెచ్చించుట వాడుక. మందు కొట్టు స్ప్రేయరుకు నాజిలు, బావి మోటారుకు బుష్షు, తోటలో ఎండిన చెట్టును కోయు చైన్ రంపమునకు స్ప్రాకెట్టు, ఏది అడిగినను దుకాణదారుడు ముందుగా వేయు ప్రశ్న ఒక్కటే: "కంపెనీదా, లోకలా?" ప్రశ్న వేసిన కంఠస్వరములోనే తీర్పు కూడ ఇమిడియుండును. కంపెనీ పెట్టెలో వచ్చినదే నిజమైన భాగమనియు, మనవాడు లేతు మీద తిప్పినది ఎంత చక్కగా అమరినను నకిలీయే యనియు, యంత్రమునకు తగిన భాగమును ఊహించి రూపొందించు బుద్ధి జర్మనీలోనో స్వీడనులోనో ఉండునే కాని వరంగల్లు పరిసరములందలి రేకుల షెడ్డులో ఉండదనియు జనులలో పాతుకొనిపోయిన యీ నమ్మకము అంగళ్ళకే పరిమితమై యున్నచో దానిని ఖండించుటకు నేను కాగితము వెచ్చింపకుందును. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్నవారు సైతము దీనిని శాస్త్రవాక్యమువలె వల్లించుచుండుటచేత వ్రాయక తప్పినది కాదు.

మొట్టమొదట చెప్పవలసినది, ఈ నమ్మకములో రెండు వేర్వేరు వస్తువులు ఒకే గాటన కట్టబడినవి. ఒక కంపెనీ పేరును, రంగును, పెట్టెను దొంగిలించి, నాసి ఇనుమును లోపల పెట్టి అమ్ముట మోసము. దానిని సమర్థించువాడు ఎవడును లేడు. కాని ఒక యంత్రమునకు అమరునట్టి భాగమును తన కొలతతో, తన లోహముతో, తన పేరుతో చేసి అమ్మువాడు ఎవరి సొత్తును అపహరించుట లేదు. మన చట్టమే యీ భేదమును గుర్తించినది: 1999 నాటి వ్యాపార చిహ్నముల చట్టపు 30వ సెక్షను, ఒక వస్తువు ఫలానా యంత్రమునకు భాగముగా సరిపోవునని తెలుపుటకు ఆ యంత్రపు పేరును అవసరమైనంత మేరకు, కొనువానిని భ్రమపెట్టకుండ వాడుకొనుటను చిహ్నపు ఉల్లంఘనముగా ఎంచదు. విడిభాగములను, మరమ్మతు సమాచారమును స్వతంత్ర వర్క్‌షాపులకు అందనీయక తమ గుప్పిటనే పెట్టుకొన్నారన్న కారణమున కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పదునాలుగు కార్ల కంపెనీలపై మొత్తము 2,500 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించినది. ఆ కంపెనీలు పై న్యాయస్థానముల మెట్లెక్కి వాదించుకొన్న సంగతి వేరు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘము నియమించినప్పుడు, అది పరిశీలింపవలసిన రంగములలో వ్యవసాయ పరికరములును చేర్చబడినవి. అనగా రాజ్యము సైతము సందేహించుచున్న గుత్తాధిపత్యమును మన మార్కెట్టు వీధిలో కొనువాడే స్వచ్ఛందముగా నెత్తికెత్తుకొని మోయుచున్నాడు.

ఇక చైన్ రంపపు చరిత్రయే ఈ నమ్మకమునకు ఎదురు సాక్షి. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో నడుచు రంపమును, 1929లో పెట్రోలుతో నడుచు రంపమును తెచ్చినాడు. ఇంజను బలపడినది కాని, కోసెడు పళ్ళు మాత్రము పాత చేతిరంపపు పళ్ళను చైనునకు అతికించినట్టివే కావడముచేత, మాటిమాటికి ఆకురాయి పట్టవలసి వచ్చుచుండెను. ఆ చిక్కు విప్పినది రంపము చేసిన కంపెనీ కాదు. అమెరికా పడమటి తీరమున ఆరెగన్ రాష్ట్రములో చెట్లు కొట్టి జీవించు జోసెఫ్ కాక్స్ అను నతడు 1946లో ఒక మోడు మీద దుంగపురుగు పిల్ల తన వంకర దవడలతో కుడికి ఒకమారు, ఎడమకు ఒకమారు కలపను తొలుచుకొని పోవుట చూచి, ఆ దవడ ఆకారమునే ఉక్కులో దించి క్రొత్త చైనును రూపొందించెను. మరుసటి సంవత్సరము పోర్ట్‌లాండులోని తన ఇంటి నేలమాళిగలో దాని తయారీకి పూనుకొనెను. ఇతరులు చేసిన యంత్రమునకు వాడుకరి చేసిన విడిభాగమది. నేడు ప్రపంచమంతటను కోయుచున్న చైన్లు చాలవరకు ఆ వంకర పంటి సంతతియే. పేరు మోసిన పెక్కు కంపెనీల రంపములు క్రొత్తపెట్టెలో నుండి వెలువడునప్పుడే కాక్స్ నెలకొల్పిన సంస్థ చైనును ధరించి వచ్చును. "ఒరిజినల్ కావలె" నని పట్టుబట్టు కొనుగోలుదారునకు ఈ సంగతి తెలిసిన నతడు ఎవరిని ఒరిజినల్ అనునో తెలిసికొనవలెనని నాకు కుతూహలము.

రంపము పుట్టిన దేశములలో అది ప్రధానముగా కోయునది పైను, స్ప్రూసు వంటి మెత్తని కలప. అక్కడి గాలి చల్లన, నేల తడి. ఇక్కడ అదే రంపము ఎండిన నల్లతుమ్మను, చింతమొద్దును, వేపను, పొలముగట్టు టేకును కోయవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన ఎండలో, పిండివంటి సన్నని పొట్టు గాలి వడపోతను మూసివేయుచుండగా కోయవలెను. (చెట్టు కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కావలెనన్నది మరువరాదు, కాని యీ వ్యాసము రంపమును గూర్చినది.) చాల చైన్లకు పంటి పైతలము ముప్పది డిగ్రీల వాలున నూరబడును, గట్టి కలపకు ఇరువదియైదు, పలకలు తీయు నిలువు కోతకు పది డిగ్రీలు మేలని అనుభవజ్ఞులందరు ఎరిగినదే. అట్లే దుంగ బెరడునకు ఆనించు పళ్ళపట్టీ కంపెనీ అమర్చినది పొట్టిగానుండి ముదురు చింత బెరడును పట్టుకొనదు; పొడవైన పట్టీ చేయించిన పట్టుకొనును గాని, చైను చుట్టు తిరుగు బారులో కోతకు పనికివచ్చు పొడవు అంతమేర తగ్గును. ఈ లాభనష్టములను తూచి, ఎంత పొడవు పెట్టవలెనో తేల్చుకొనుట డిజైను గాక మరేమి? తుమ్మ మొద్దును ఎన్నడు చూడని దూరదేశపు ఇంజనీరు ఈ తూకమును మనకొరకు వేయలేడు. అది అతని లోపము కాదు; అతని సరుకును అంతిమ వాక్యముగా భావించు మన లోపము.

పై విషయము స్ప్రాకెట్టు పనిలో మరింత తేటపడును. ఇంజను తిరుగుడును చైనునకు అందించునది క్లచ్ డ్రమ్మునకు అంటియున్న యీ పళ్ళ చక్రమే. చైను అరిగినకొద్ది ఇదియు అరుగును గనుక, రెండు చైన్లు మార్చునాటికి దీనిని కూడ మార్చవలెనని పనివారు చెప్పుదురు. అరిగిన స్ప్రాకెట్టు మీద క్రొత్త చైను ఎక్కించిన, పంటికిని లింకునకును దూరము సరిపడక, క్రొత్త చైనును కొద్ది దినములలోనే పాతదానిని చేయును. ఈ పళ్ళ చక్రమును లేతు మీద చేయబూనినవాడు మొదట తెలియవలసినది పిచ్: వరుసగా మూడు రివెట్ల మధ్యనున్న దూరమును సగము చేసిన వచ్చు కొలత. పాత స్ప్రాకెట్టును చూచి నకలు తీయువాడు అరుగుదలను కూడ నకలు తీయును. తెలిసినవాడు క్రొత్త చైనును కొలిచి, దాని నుండి పంటి మొదలును, లోతును గణించును. పిమ్మట లోహము. పైన గట్టిగా, లోపల సాగుడుగుణముతో ఉండవలెను గనుక తక్కువ కార్బను గల ఉక్కును ఎన్నుకొని, తొమ్మిది వందల డిగ్రీల చాయలో దాని చర్మమునకు కార్బను పట్టించి, చల్లార్చి, మరల కొంచెము కాచి పెళుసుదనము తీయవలెను. అన్నింటికంటె సూక్ష్మమైనది కేంద్రము. డ్రమ్ము లోపలి గోడయు, సూది బేరింగు కూర్చుండు రంధ్రమును ఒకే కేంద్రమున తిరుగవలెను. ఆ రెంటిని లేతు చక్కులో ఒకే పట్టులో కోయవలెను; పనిని ఊడదీసి మరల బిగించి కోసినచో అది కుదరదు. వెంట్రుకవాసి తేడా వచ్చెనా, నిముషమునకు పదివేల చుట్లు తిరుగునప్పుడు ఆ తేడా వణుకుగా మారి బేరింగును నమలివేయును.

ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. "లేతువాడు ఇనుము తిప్పును, అంతే" అని తేలికగా అనువారికి ఆ తిప్పుటలోని ఆలోచన ఎంతయో తెలియవలెను.

ప్రతిపక్షమువారికి బలమైన వాదము ఒకటి కలదు, దానిని దాటవేయుట న్యాయము కాదు. చైన్ రంపము ప్రాణాంతకమైన పనిముట్టు. ఏడు పళ్ళ స్ప్రాకెట్టు ఒక చుట్టు తిరిగినప్పుడు మూడు బై ఎనిమిది అంగుళముల పిచ్ గల చైను సుమారు 133 మిల్లీమీటర్లు కదలును; నిముషమునకు పదివేల చుట్లయిన సెకనునకు ఇరువదిరెండు మీటర్లు, అనగా గంటకు ఎనుబది కిలోమీటర్లు. అట్టి వేగముతో మనిషి మోకాలి చేరువన తిరుగు వస్తువుతో ప్రయోగములు తగునా అని వారడుగుదురు. ప్రశ్న సమంజసము. జవాబు, భాగము ఎక్కడ చేయబడినదన్నదానిలో లేదు. అది ఏమి పనికొరకు అట్లున్నదో చేసినవానికి తెలియునా అన్నదానిలో ఉన్నది. తెగిన చైనును ఆపుటకు బారు మొదట ఒక చిన్న ముక్క ఉండును, చైన్ క్యాచర్ అందురు. అది అల్యూమినియముతోనో ప్లాస్టిక్కుతోనో చేయబడుట చూచి, "కంపెనీవాడు పిసినారితనము చేసినాడు, నేను ఉక్కుతో చేసి ఇచ్చెద" నను నతడు చైను పళ్ళను పాడుచేయును. ఆ ముక్క తాను చెడి చైనును కాపాడుటకే మెత్తగా చేయబడినది. చేతిపిడికిని ఇంజనుకును నడుమనుండు రబ్బరు బుడిపెలను త్వరగా చిరుగుచున్నవని గట్టి నైలానుతో మార్చినవాని భాగము ఏండ్లకొలది మన్నును గాని, ఆ పిడి పట్టినవాని వ్రేళ్ళు తిమ్మిరెక్కి, తెల్లబారి, కాలక్రమమున స్పర్శ కోల్పోవును. మఫ్లరులోని నిప్పురవ్వల జాలిని ఊడబీకిన ఇంజను కొంత చురుకగునేమో. ఏటూరునాగారము అడవుల వైపు ఎండుటాకుల మీద ఒక్క రవ్వ పడినచో ఆ చురుకుదనపు వెల తెలియును. ఇక చైనును క్షణములో నిలిపివేయు చైన్ బ్రేకు జోలికి ఎవడును పోరాదు. అందు మినహాయింపు లేదు. ఈ తప్పులన్నియు స్థానికత వలన పుట్టినవి కావు, గట్టిదనమే గుణమను అపోహ వలన పుట్టినవి. ఆ అపోహను వదలించుటకు ఉపాయము నేర్పుట గాని, షెడ్డులను మూయించుట కాదు.

మరియొక పక్షమువారున్నారు, వారితో నాకు పేచీ ఇంకను ఎక్కువ. వీరు స్థానికుని నిందింపరు, నెత్తికెక్కించుకొందురు. సైకిలు ట్యూబు ముక్కతో, ఇనుప తీగతో యంత్రమును నడిపించిన వానిని చూచి "ఆహా, మన జుగాడ్!" అని చప్పట్లు చరతురు. ఈ పొగడ్తలో దాగిన అవమానమును చూడుడు: మనవానికి చమత్కారము ఉండవచ్చును, కొలత ఉండదు, గండము గడుపుట తెలియును, గణితము తెలియదు. నిందించువానికిని, ఇట్లు పొగడువానికిని మూలమున భేదము లేదు. ఇద్దరును డిజైను అను పనిని మనవాని చేతిలో ఊహింపలేకున్నారు. శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశము, ఒక చీరకు వేలమార్లు చేయి ఆడించుచు తల్లి నేతకు నూలు ఆసు పోయుట చూచి సంవత్సరముల తరబడి తంటాలు పడి 1999లో ఆసుయంత్రమును సాధించినది చమత్కారముచేత కాదు. పదే పదే చేసి, చెడగొట్టి, కదలిక వెంట కదలికను కొలిచి సరిదిద్దుట చేత. 2017లో పద్మశ్రీ వచ్చిన తరువాత అతనిని కొనియాడని నోరు లేదు. అదే వేదిక దిగి ఇంటికి పోవుచు లేతు దుకాణమున ఆగి, "లోకల్ మాలు వద్దు, కంపెనీది తెప్పించు" మనుటలో మనకు వైరుధ్యము తోచదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున కరగిన ఉక్కు పారసీక వర్తకులను ఇంత దూరము రప్పించినదని సభలలో చెప్పుకొని గర్వింతుము. ఆ వర్తకులు సరుకు మీది పెట్టెను చూచి రాలేదు, ఉక్కును పరీక్షించి కొనిపోయిరి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఈ అపవాదము ఇంతకాలము నిలుచుటకు మన పనివారును కొంత కారకులు. మంచి భాగము చేసినవాడు దాని మీద తన పేరు చెక్కుటకు జంకును. పేరు లేకుండ అమ్మును, లేదా కొనువాడు అడిగెనని పరాయి కంపెనీ అచ్చు వేయును. ఆ క్షణముననే అతడు స్వతంత్ర శిల్పి స్థానమును వదలి, తాను కాని మోసగాని వరుసలో నిలుచుచున్నాడు. 1959లో నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, నేటి ఎన్.ఐ.టి., ఎనుమాములకు కూతవేటు దూరము కాకున్నను ఒక ఆటో ప్రయాణపు దూరమే. ఉక్కు గట్టిదనమును పరీక్షించుట అచ్చటివారికి విద్య, ఇచ్చటివారికి అన్నము. ఈ రెండు వాకిళ్ళ నడుమ రాకపోకలు పెరిగినచో ఎవరికిని నష్టము లేదు. అంతవరకు లేతు దుకాణదారుడు తనంతట తాను చేయదగిన పని కలదు. ప్రతి స్ప్రాకెట్టు మీద తన దుకాణపు పేరు, పిచ్, పళ్ళ సంఖ్య, ఉక్కు రకము చెక్కవలెను. దాని డ్రాయింగును కాగితము మీద గీచి దాచవలెను. విరిగినదానిని తిరిగి తెచ్చిన కొనుగోలుదారుని కసరుకొనక, విరిగిన చోటును భూతద్దముతో చూచి, డ్రాయింగులో ఆ మూలను మార్చి, మార్పునకు తేదీ వేసి, పాత కాగితమును పారవేయక క్రొత్తదానితో కలిపి కుట్టి ఉంచవలెను.