పరుగుకు తొందర పనికిరాదు

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడిందని తెలియగానే మర్నాటి తెల్లవారుజాము నుంచి పల్లెల్లో తారురోడ్ల వెంట కుర్రవాళ్ల పరుగులు మొదలవుతాయి. అంతవరకు పొలం పనులకో, ఆటో తోలడానికో, పట్నంలో దుకాణంలో పనికో పోతున్నవారు ఒక్కసారిగా బూట్లు కొని రోడ్డెక్కుతారు. మొదటిరోజే ఊరి పొలిమేర దాకా ఉన్న ఊపిరంతా పెట్టి పరుగెత్తుతారు. నాలుగో రోజుకు సగం మంది కనిపించరు. పదో రోజుకు మిగిలినవారు పిక్కలకు నొప్పి మందు రాసుకొని కుంటుతూ ఉంటారు. ఎప్పుడు నియామకాలు జరిగినా ఇదే తంతు.

పరీక్ష అందరాని పండేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు వెలువడిన ప్రకటన ప్రకారం పురుషులు 1,600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అంటే పురుషులకు 400 మీటర్ల చుట్టు ఒక్కింటికి 2 నిమిషాలు, వంద మీటర్లకు 30 సెకన్లు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు రెండున్నర నెలలు క్రమంగా సాధన చేస్తే చాలామటుకు అందుకోగల వేగమే ఇది. కేంద్ర బలగాల జి.డి. కానిస్టేబుల్ పరీక్షలో పురుషులకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో ముగియాలి. దానికి ఇంకా ఎక్కువ నెలలు కావాలి. వ్రాతపరీక్షకు ఏడాది చదివేవారు కూడా పరుగును మాత్రం చివరి నెలకు వదిలివేయడం శోచనీయం.

ఇందులో తప్పంతా అభ్యర్థులదే అనడానికి వీలు లేదు. పైన చెప్పిన ఉద్యోగాలకే ప్రాథమిక వ్రాతపరీక్ష 2023 జనవరి 22న జరిగింది. 95 వేల మందికి పైగా నెగ్గారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైనది మాత్రం 2024 డిసెంబరు 30న. దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి! అంతకాలం ఏ ఆశతో రోజూ నాలుగు గంటలకు లేచి పరుగెత్తుతారు? కొందరు కూలికి పోయారు, కొందరు హైదరాబాదులోనో బెంగుళూరులోనో పనికి కుదిరారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి. తేదీ తెలిశాక తిరిగివచ్చి, పాత టైమింగ్ మనసులో పెట్టుకొని, ఆపిన చోటినుంచే అందుకోబోయినవారు దెబ్బ తిన్నారు. ఆరు నెలలు మానినవాడు కొత్తవాడి కింద లెక్క. అతడు మళ్లీ మొదటి వారం నుంచే రావాలి. కొత్తవాడికంటే త్వరగా ముందుకు పోతాడంతే.

పొలం పని చేసే ఒంటికి వేరే సాధన ఎందుకని పెద్దలు అంటూ ఉంటారు. బస్తా మోసే బలం వేరు, ఎనిమిది నిమిషాలపాటు ఆగకుండా ఊపిరి నిలిపే బలం వేరు. పైగా పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలిమీద పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలు, నరాలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. అందుకే మూడో వారంలో ఆయాసం తగ్గిందని ఉత్సాహం ఎక్కువైన కుర్రవాడికి సరిగ్గా అప్పుడే మోకాలి కింద ముందరి ఎముక వెంట పోటు మొదలవుతుంది. ఆ నొప్పి మీద పరుగెత్తితే ఎముక చిట్లే ప్రమాదం కూడా ఉన్నది. నారు పోసిన వారానికే కొడవలి పట్టుకొని మడికి పోయే రైతు ఎక్కడా లేడు గదా.

క్రమపద్ధతి కొత్తదేమీ కాదు. 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే యువకుడు, ఎన్నడూ పరుగెత్తని తన తల్లి వంటివారి కోసం తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారు చేశాడు. అది నేడు అనేక దేశాల్లో వాడుకలో ఉన్నది. వారానికి మూడు రోజులే, అదీ రోజు విడిచి రోజు. మొదటి వారం ఐదు నిమిషాలు వడిగా నడవాలి. తరువాత ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఇలా ఇరవై నిమిషాలు. రెండో వారం పరుగు ఒకటిన్నర నిమిషం, నడక రెండు నిమిషాలు. మూడో వారంలో మూడేసి నిమిషాల పరుగు వస్తుంది. ఐదో వారం చివరకు ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలరు. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిగా ఉన్నట్లు, మాట రాకుండా రొప్పుతుంటే ఎక్కువైనట్లు. ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారాన్ని మరోసారి చేయాలి. అందులో చిన్నతనం లేదు.

గడియారం సంగతి ఆ తరువాతే. ఐదారు వారాలు గడిచాక వారంలో ఒక్కరోజు మాత్రం 400 మీటర్లు రెండు నిమిషాల్లో పరుగెత్తి, మూడు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తాలి. ఇలా నాలుగుసార్లు. నడక విరామాన్ని వారం వారం తగ్గించుకుంటూ పోతే పదో వారానికి నాలుగు చుట్లూ కలుస్తాయి. దూరాన్ని మాత్రం టేపుతో కొలుచుకోవాలి. అంచనాతో పరుగెత్తి, ఏడు నిమిషాల్లోనే అయిపోయిందని సంబరపడి, తీరా అసలు మైదానంలో చివరి చుట్టులో చతికిలపడినవారు ఎందరో. చాలామంది మొదటి చుట్టును ఒకటిన్నర నిమిషంలో ముగించి మూడో చుట్టులో నడుస్తారు. రెండు నిమిషాల చుట్టు అంటే రెండు నిమిషాలకే ముగించడం కూడా నేర్వవలసిన విద్యే.

తొందరపాటు ప్రాణం మీదికి కూడా తెస్తుంది. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు పెట్టిన 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అది వేసవి కూడా కాదు. పరుగులో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, రక్తసంబంధీకులలో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయి ఉన్నా వైద్యునికి చూపించుకొననిదే మైదానంలోకి దిగరాదు. జ్వరం తగ్గిన మర్నాడే పరుగెత్తరాదు. ఎండదెబ్బకు మాట తడబడి, నడక తూలి పడిపోయినవాడిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చల్లని నీళ్లు పోస్తూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివాడి నోట నీళ్లు పోయరాదు. మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొని వేసుకొని పరుగెత్తడం, ఎవరో చెప్పారని ఇంజెక్షన్లు చేయించుకోవడం మానాలి.

ఇక ఆడపిల్లల పాట్లు వేరు. చీకట్లో రోడ్డు మీదికి పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. తెల్లవారాక పరుగెత్తితే నలుగురి చూపులు. కొందరు డాబా మీదే అటూ ఇటూ పరుగెత్తుతున్నారంటే వారి పట్టుదలను మెచ్చుకోవాలో, ఊరిని తప్పు పట్టాలో తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. రక్తం తక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు. మొదటి అడుగుకు ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

నియామక మండలి చేయవలసినది ఒకటున్నది. దేహదారుఢ్య పరీక్ష తేదీని కనీసం పది వారాల ముందు ప్రకటించి, ఆ తేదీకి కట్టుబడాలి. గ్రామాల్లో చేయవలసినది ఇంకా తేలిక. ఉన్నత పాఠశాల ఉన్న చాలా ఊళ్లలో మైదానమూ ఉన్నది. దానికి తాళమూ ఉన్నది. పిల్లలు మాత్రం లారీల మధ్య రోడ్డు మీద పరుగెత్తుతున్నారు! ఉదయం 5 నుంచి 7 గంటల దాకా గేటు తెరిచి ఉంచడానికి, వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరోజు దగ్గరుండి 200 మీటర్ల చుట్టు కొలిచి సున్నం గీత గీయించడానికి, పంచాయతీ ఒక దీపం, ఒక కుండ నీళ్లు పెట్టించడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు, సర్పంచులు కూర్చొని మాట్లాడుకుంటే ఒక సాయంత్రంలో తేలే పని. ఆ తాళంచెవి ఎవరి వద్ద ఉండాలన్నది కూడా అప్పుడే రాసుకోవాలి. చాలా ఊళ్లలో వ్యవహారం అక్కడే ఆగిపోతున్నది.