నీలం చుక్క ఎందుకు దూకింది?
రాత్రి ఎనిమిదికి మ్యాప్‌లో నీలం చుక్క పక్క సందులోకి దూకిందా? చాలాసార్లు తప్పు ఎత్తైన బిల్డింగులదే. మార్చి, సెప్టెంబర్‌లలో మాత్రం ఆకాశాన్ని కూడా అనుమానించొచ్చు.

సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున, ఎండ దెబ్బకి గాలిలోంచి ఎలక్ట్రాన్లు ఊడి తిరుగుతుంటాయి. అదే ఐనోస్ఫియర్ పైపొర. అయస్కాంత భూమధ్యరేఖ మీద (తుంబాని రాకెట్లకి ఎంచుకున్నది ఈ రేఖ కోసమే) పొద్దుగూకగానే ఆ పొర ఇంకా పైకి లేస్తుంది. అడుగుభాగమేమో చీకట్లో కరిగిపోతుంది. బరువు పైన, ఖాళీ కింద. ఇంకేముంది, బుడగలు పుట్టి పైకి తంతాయి, ఉత్తరాన మన దాకా పాకుతాయి. వాటిలోంచి వచ్చే శాటిలైట్ సిగ్నల్ వణుకుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది.

ఆ నెలల్లోనే ఎందుకంటే, అప్పుడు అయస్కాంత రేఖల రెండు కొసల్లోనూ ఇంచుమించు ఒకేసారి చీకటి పడుతుంది. జూన్‌లో అలా పడదు.

మనకి పోయేది ఒక యూటర్న్. జీపీఎస్ నమ్ముకుని దిగే విమానానికి అలా కుదరదుగా! మన గగన్ వ్యవస్థని తయారుచేసినవాళ్లు కుస్తీ పట్టింది ఈ సాయంత్రాలతోనే.