బయానా ఇచ్చే ముందు ఇంజినీరును పిలవాలి

ఢిల్లీలో సొంత ఇల్లు అనుకున్న తెలుగు ఉద్యోగి చూపు చాలాసార్లు ద్వారక మీదే ఆగుతుంది. వెడల్పాటి రోడ్లు, సెక్టార్ల వారీగా సొసైటీలు, 2005 చివర్లోనే వచ్చేసిన మెట్రో, పక్కనే విమానాశ్రయం. 2023లో యశోభూమి తెరుచుకుంది. 2025 ఆగస్టులో ద్వారకా ఎక్స్‌ప్రెస్‌వే ఢిల్లీ భాగం కూడా పూర్తయింది. ఇప్పుడు ఇక్కడ మూడు పడక గదుల ఫ్లాటంటే కోట్లలో మాట. అంత డబ్బు పెట్టేటప్పుడు లాయరు చేత కాగితాలు చదివిస్తాం, వంటగది ఏ మూల ఉందో చూపించుకుంటాం, బ్రోకరుకు కమిషన్ ఇస్తాం. ఆ భవనం ఇంకో ముప్పై ఏళ్లు నిలబడుతుందా అని చెప్పగలిగిన స్ట్రక్చరల్ ఇంజినీరును మాత్రం పిలవం. ఈ అలవాటు ఎక్కడైనా నష్టమే, ద్వారకలో మాత్రం ప్రమాదం.

కాగితాల మీద మనకున్న జాగ్రత్త ఊరికే రాలేదు. ఢిల్లీలో ఏళ్ల తరబడి ఫ్లాట్లు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద చేతులు మారాయి. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి బదిలీతో యాజమాన్య హక్కు రాదని తేల్చి చెప్పింది. అప్పటి నుంచి ఫ్రీహోల్డ్ అయిందా, కన్వేయన్స్ డీడ్ ఉందా అని అడగనివాళ్లు లేరు. హక్కు విషయంలో ఒక దెబ్బ తిని నేర్చుకున్నాం. కాంక్రీటు విషయంలోనూ ఆ దెబ్బ తగిలింది, మనమే ఇంకా నేర్చుకోలేదు.

2022 ఫిబ్రవరి 10న ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే గురుగ్రామ్ సెక్టార్ 109లో చింటెల్స్ పారడైసో అనే అపార్ట్‌మెంట్లలో డి టవర్ ఆరో అంతస్తు గది నేల కూలింది. ఆ బరువుకు కింద ఉన్న స్లాబులు ఒకదాని వెంట ఒకటి మొదటి అంతస్తు దాకా జారిపోయాయి. ఇద్దరు మహిళలు చనిపోయారు. ఆ టవర్ పాతదేం కాదు, జనం కాపురాలు పెట్టి పదేళ్లు కూడా నిండలేదు. ఐఐటీ ఢిల్లీ నిపుణులు పరీక్షించి, కాంక్రీటులో క్లోరైడ్లు ఉండటం వల్ల లోపలి ఇనుము వేగంగా తుప్పు పట్టిందని, మరమ్మతు చేసినా లాభం లేదని తేల్చారు. ప్రైవేటు బిల్డరు కాబట్టి అలా జరిగిందనుకోవడానికీ లేదు. ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీనగర్‌లో సిగ్నేచర్ వ్యూ అపార్ట్‌మెంట్లు కట్టింది సాక్షాత్తూ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ. 336 ఫ్లాట్లు. మనుషులు చేరిన కొన్నేళ్లకే పెచ్చులు ఊడటం మొదలై, చివరికి 2024 డిసెంబరులో హైకోర్టు మూడు నెలల్లో ఖాళీ చేయమంది. ప్రభుత్వ సంస్థ కట్టిందన్న భరోసాతో జీవితకాలపు పొదుపు పెట్టినవాళ్లు అద్దె ఇళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

ద్వారకకు దీనితో ఏం సంబంధం? నీటి సంబంధం. నైరుతి ఢిల్లీలో చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పునీరు. సొసైటీలు జోరుగా లేచిన తొలి ఏళ్లలో ద్వారకకు మంచినీటి సరఫరా అంతంతమాత్రం, బోర్లూ ట్యాంకర్లే దిక్కు. ఇనుము వేసి పోసే కాంక్రీటుకు కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్లు ఉండరాదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఫలానా సొసైటీ స్లాబుకు ఏ నీళ్లు వాడారో ఈ రోజు చెప్పే మేస్త్రీ దొరకడు. అన్ని భవనాలూ చెడ్డవని నేను అనడం లేదు. బాగా కట్టి, బాగా చూసుకుంటున్న సొసైటీలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వాటినీ మిగతావాటినీ రంగు చూసి వేరు చేయలేం. పరీక్షించే తెలుసుకోవాలి.

ఫ్లాటు అమ్మకానికి పెట్టగానే యజమాని చేసే మొదటి పని పెయింటు వేయించడం. చెమ్మ ఉన్న గోడకు పీవీసీ ప్యానెళ్లు, నీటి మరకలున్న స్లాబు కింద ఫాల్స్ సీలింగ్. అందుకే మంచి ఇంజినీరు ముందు డ్రాయింగ్ రూమ్‌లోకి వెళ్లడు, కింద కార్లు నిలిపే స్టిల్టులోకి దిగుతాడు. స్తంభం అడుగున మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు తెల్లగా ఉప్పు పేరుకుందా, ఇనుప చువ్వ దారిలోనే నిలువుగా పగులు వచ్చిందా అని చూస్తాడు. నిలువు పగులుంటే లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతోందని అనుమానించాలి. ఒకచోట కాస్త కాంక్రీటు తొలిచి, ఆ తాజా అంచు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాడు. క్షార గుణం నిలిచి ఉన్న కాంక్రీటు క్షణాల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చొరబడి ఆ గుణం పోయినచోట రంగే రాదు. ఆ రంగులేని పట్టీ చువ్వ దాకా చేరిందంటే ఇనుముకున్న రక్షణ పోయినట్టే. క్లోరైడ్ల సంగతి ఈ పరీక్షలో తేలదు. దానికి కాంక్రీటు పొడి తీసి ల్యాబుకు పంపాలి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు కాంక్రీటు గట్టిదనాన్నీ లోపలి ఖాళీలనూ అంచనా వేస్తాయి. ఇవన్నీ ఏళ్లుగా మన దేశంలో వాడుకలో ఉన్న పరీక్షలే.

ద్వారకలో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకోటి ఉంది. 2021 మాస్టర్ ప్లాన్ గ్రూప్ హౌసింగ్‌కు ఎఫ్ఏఆర్ (స్థలంతో పోలిస్తే ఎంత విస్తీర్ణం కట్టుకోవచ్చన్న పరిమితి) పెంచాక చాలా సొసైటీలు పాత భవనానికి బయటి వైపున కొత్త గదులూ బాల్కనీలూ చేర్చుకున్నాయి. అదనపు గది వచ్చిందని బ్రోకరు దాన్నే ఎక్కువ ధరకు కారణంగా చూపిస్తాడు. ఇంజినీరు ముందుగా వెతకాల్సింది ఆ కొత్త భాగం పాత ఫ్రేముతో కలిసే కీలును. అక్కడ పగులుందా, వాన పడ్డాక నీరు దిగుతోందా, ఆ పనికి మంజూరైన ప్లాను, కంప్లీషన్ సర్టిఫికెట్ ఉన్నాయా? 2002లో అమల్లోకి వచ్చిన భూకంప పటంలో ఢిల్లీ నాలుగో జోన్‌లో ఉంది. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున వచ్చిన 4.0 తీవ్రత ప్రకంపనకు కేంద్రం ద్వారకకు ఎంతో దూరం లేని ధౌలాకువా. ఆ రోజు నగరానికి నష్టం జరగలేదు. రేపు ఇంతకన్నా పెద్దది వస్తే ఇలాంటి కీళ్లే ముందు విడిపోతాయి.

బ్యాంకు చూసుకుంటుందిలే అనేది మరో భ్రమ. బ్యాంకు పంపే వాల్యుయర్ అప్పుకు ఆ ఫ్లాటు సరిపోతుందా అని చూస్తాడు. స్తంభం తొలవడం ఆయన పని కాదు. చట్టం ఆదుకుంటుందా? రెరా చట్టం 14వ సెక్షన్ కింద నిర్మాణ లోపాలకు బిల్డరు బాధ్యత స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లే. ద్వారక సొసైటీల్లో అధిక భాగం ఆ గడువు ఎప్పుడో దాటిన వయసువి. పైగా సహకార సొసైటీలో వెంటపడటానికి బిల్డరే ఉండడు. సభ్యులే కాంట్రాక్టరుతో కట్టించుకున్నారు, ఆ కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, ఆ కమిటీ మారిపోయింది. ఇక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ మిగిలింది. అమ్మేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. అయితే కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపానికే ఈ నియమం. స్టిల్టులో అందరికీ కనిపించే పగులును నువ్వెందుకు చూసుకోలేదని ఎదుటి లాయరు అడిగితే జవాబుండదు.

టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లు మన కుటుంబాల్లో బోలెడుమంది. అక్కడ కొద్దిపాటి రుసుము కట్టి కొన్ని రోజుల ఆప్షన్ పీరియడ్ తీసుకుంటారు. ఆ రోజుల్లో ప్రభుత్వ కమిషన్ లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరు పైకప్పు నుంచి పునాది దాకా చూసి నివేదిక ఇస్తాడు. నచ్చకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. తమ్ముడు అక్కడ అలా కొంటే, అన్న ఇక్కడ ఒక ఆదివారం మధ్యాహ్నం అరగంట చూసి బయానా ఇచ్చేస్తున్నాడు. మనకు ఇళ్ల ఇన్‌స్పెక్టర్ల లైసెన్సు వ్యవస్థ లేదు. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీర్లు మాత్రం ఉన్నారు. వాళ్ల ఫీజు బ్రోకరు కమిషన్ ముందు చిన్నదే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కొనాలనుకునేవాళ్లు వరుసలో ఉన్నప్పుడు అమ్మేవాడు ఇంజినీరును ఎందుకు రానిస్తాడు? ఫ్లాటు లోపలికి ఒప్పుకున్నా, ఉమ్మడి స్తంభాన్ని తొలవనిచ్చే అధికారం ఆయనకు లేదు. అది సొసైటీ చేతిలో ఉంది. చాలా సొసైటీ కమిటీలు స్ట్రక్చరల్ ఆడిట్ చేయించడానికే వెనకాడతాయి, చేయించినా నివేదికను బయట పెట్టవు. రేట్లు పడిపోతాయన్న భయం. ఈ భయం నాకు అర్థమవుతుంది కానీ, దాచిన నివేదిక కింద నిద్రపోయేది ఆ కమిటీ సభ్యుల పిల్లలు కూడా.

కాబట్టి కొనేవాళ్లు బయానా పత్రంలోనే ఒక షరతు రాయించుకోవాలి: తనిఖీలో నిర్మాణ లోపం బయటపడితే బయానా పూర్తిగా వాపసు. దీనికి ఒప్పుకోని యజమాని దగ్గర కొనకపోవడమే మేలు. సొసైటీ నుంచి చివరి స్ట్రక్చరల్ ఆడిట్ నివేదిక, మరమ్మతుల నిధి లెక్క, గత సర్వసభ్య సమావేశాల మినిట్స్ అడగాలి. లీకుల గురించి, పెచ్చుల గురించి సభ్యులు ఎంత కొట్లాడుకున్నారో ఆ మినిట్స్‌లో ఉంటుంది. ఒక్కో కొనుగోలుదారు ఇలా విడివిడిగా పోరాడే అవసరం లేకుండా చేసే శక్తి సహకార సంఘాల రిజిస్ట్రార్‌కు, ఢిల్లీ ప్రభుత్వానికి ఉంది. ఫ్లాటు చేతులు మారేటప్పుడు బకాయిలు లేవని సొసైటీ ఇచ్చే నో అబ్జెక్షన్ పత్రానికి, గడువు తీరని ఆడిట్ నివేదికను జత చేయడం తప్పనిసరి చేయాలి. పదిహేనేళ్లు దాటిన భవనాలతో ఈ పని మొదలుపెట్టవచ్చు.