స్టార్ట్ బటన్ ఎవరైనా పెడతారు

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక ఉబలాటం ఉంది. ఊళ్ళో ఏ మెషీను కనిపించినా దాన్ని ఫోన్‌కి కట్టెయ్యాలి. బోరు మోటారు అయిపోయింది, గేటు అయిపోయింది, ఇప్పుడు డీజిల్ జనరేటర్ల వంతు. కట్టడంలో తప్పేమీ లేదు. కానీ అందరూ ఉత్సాహంగా కట్టేది స్టార్ట్ వైరు ఒక్కటే. నా గొడవంతా అక్కడే.

మా అల్లూరు వైపు ఎప్పుడూ రాని వాళ్ళకి కొంచెం నేపథ్యం చెప్పాలి. పెన్నా కాలువల కింద వరి, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ రొయ్యల గుంటలు. 1990ల్లో టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో దెబ్బతింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ ఊపొచ్చింది. వనామీని ఒత్తుగా పెంచుతారు కాబట్టి ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. పగలు నీళ్ళలో ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి అది బాగా అడుక్కి పోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉండాల్సింది 2 కిందికి దిగితే రొయ్య పైకి తేలడం మొదలవుతుంది. సరిగ్గా ఆ టైంలో కరెంటు పోతే, జనరేటర్ నిమిషాల్లో అందుకోవాలి. లేదంటే మూడు నెలల పంట పోయినట్టే.

గుంట దగ్గర కాపలా మనిషి నిద్రలో ఉంటాడు. కొడుకేమో డాలస్‌లో, అక్కడ సాయంత్రం. కాబట్టి 'నేనిక్కణ్ణుంచే స్టార్ట్ చేస్తా నాన్నా' అని ఒక సిమ్ బోర్డు, ఒక రిలే కొని పంపిస్తాడు. ఆలోచన బంగారం లాంటిది. ఇక పని చూద్దాం.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్, అంతే. కార్లలో వాడే రిలేకి 85, 86 అని రెండు కాళ్ళు కాయిల్‌కి, 30, 87 అని రెండు కాంటాక్ట్‌కి. కాయిల్‌కి 12 వోల్టులు ఇస్తే కాంటాక్ట్ కలుస్తుంది, సెల్ఫ్ కొడుతుంది. కారు రిమోట్ స్టార్టర్‌లోనూ, గుంట గట్టు మీది జనరేటర్‌లోనూ ఇదే సూత్రం. తాళం చెయ్యి తిప్పితే కలిసే వైర్లని రిలే కలుపుతుంది.

మరి కారు రిమోట్ స్టార్టర్‌లో మిగతా వైర్లన్నీ ఎందుకు? ఒకటి ఇంజను అందుకుందో లేదో చెబుతుంది, లేకపోతే తిరుగుతున్న ఇంజనుకే మళ్ళీ సెల్ఫ్ కొట్టి పళ్ళు అరగదీస్తుంది. ఒకటి బానెట్ తెరిచి ఉంటే స్టార్ట్ కానివ్వదు, ఎందుకంటే లోపల ఎవరి చెయ్యో ఉండొచ్చు. ఒకటి బ్రేకు నొక్కగానే ఆపేస్తుంది. ఇంకొకటి గేరు న్యూట్రల్‌లో లేకపోతే ఒప్పుకోదు. లెక్కేసుకోండి, 'వెళ్ళు' అనేది ఒక్కటి, 'వద్దు' అనేవి నాలుగు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే సెల్టోస్‌లో 2019 నుంచే ఫోన్‌తో ఇంజను స్టార్ట్ చెయ్యడం ఉంది, దాని వెనకా ఇలాంటి కాపలాలే. అసలు సెల్ఫ్ వచ్చిందే మనిషి చెయ్యి కాపాడ్డానికి. 1912 క్యాడిలాక్‌లో కెటరింగ్ దాన్ని పెట్టేదాకా హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగేవి. పాత ఆయిలింజను తిప్పిన వాళ్ళని అడగండి, చెబుతారు.

మన కుర్రాళ్ళ కిట్టులో ఈ 'వద్దు'లు ఉండవు. జనరేటర్‌కి బెల్టు ఉంది, ఫ్యాను ఉంది, పక్కన ఒక మనిషి ఉన్నాడు. 'కోడ్‌లో ఒక ఇఫ్ కండిషన్ పెడితే పోలా?' అంటారు. పోదు. ఎస్సెమ్మెస్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా రావడం మనకి కొత్తా? ఈలోపు కరెంటొచ్చి, 'పనిలో పనిగా' అని మెకానిక్ బెల్టు బిగిస్తూ ఉంటే ఆ పాత స్టార్ట్ మెసేజ్ అప్పుడు దిగుతుంది. బోర్డు హ్యాంగ్ అవ్వొచ్చు. చౌక రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు, అప్పుడు ఫోన్‌లో ఎన్నిసార్లు స్టాప్ నొక్కినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. దూరంగా ఉన్నవాడి బటన్ కంటే దగ్గరున్నవాడి స్విచ్ పెద్దదై ఉండాలి. అదీ కోడ్‌లో కాదు, రాగి తీగలో. సెల్ఫ్ రిలే కాయిల్‌కి వెళ్ళే వైరు, డీజిల్ సోలెనాయిడ్‌కి వెళ్ళే వైరు రెండూ ఇంజను పక్కనున్న ఎర్ర బటన్ గుండానే పోవాలి. 'ఆటో, ఆఫ్, మాన్యువల్' అని చేత్తో తిప్పే స్విచ్ ఉండాలి. బ్యాటరీనే విడదీసే కటాఫ్ ఉండాలి. కాపలా మనిషి ఆఫ్‌లో పెట్టాడంటే, డాలస్ నుంచి వచ్చే ఆర్డర్ రిలే దాకా చేరకూడదు.

రెండోది ఇంకా ముఖ్యం. జనరేటర్‌కీ లైనుకీ మధ్య చేంజోవర్ స్విచ్ లేకపోతే, ఉన్నా రెండు కాంటాక్టర్లూ ఒకేసారి కలవకుండా ఇంటర్‌లాక్ లేకపోతే, జనరేటర్ కరెంటు లైన్లోకి ఎదురెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా తెలియదు. కిందనుంచి 415 వోల్టులు ఇస్తే పైన 11,000 చేస్తుంది. లైను ఆపేశారన్న ధైర్యంతో స్తంభమెక్కిన లైన్‌మన్‌కి, మీరు డాలస్‌లో నొక్కిన బటన్ అలా తగులుతుంది.

మూడోది మనకి బాగా తెలిసిన రోగమే. సర్వర్ లేవగానే క్లయింట్లన్నీ ఒకేసారి మీద పడితే ఏమవుతుందో తెలుసు కదా? మోటారు స్టార్టింగ్‌లో మామూలు కరెంటుకి ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆన్ అయితే జనరేటర్ చతికిలపడుతుంది. వ్యవసాయ మోటార్ల ఆటో స్టార్టర్ల మీద కరెంటాఫీసు వాళ్ళ ఫిర్యాదుల్లో ఇదొకటి, పాపం ట్రాన్స్‌ఫార్మర్ బలి. టైమర్లు పెట్టి ఒక్కో వరసనీ కొన్ని సెకన్ల తేడాతో లేపితే చాలు.

'ఇన్ని వద్దులు పెడితే అసలు రాత్రికి స్టార్ట్ కాకుండా పోతే? రొయ్య ఆగుతుందా?' అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కండిషన్లు తీసెయ్యడం దానికి జవాబు కాదు, స్టార్ట్ కాకపోతే అరవడం జవాబు. పద్ధతైన ఆటో ప్యానెల్ మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, అందుకోకపోతే ఆగి సైరన్ మోగిస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజనుని ఆపి ఆ సంగతి చెబుతుంది. మీ సిమ్ బోర్డుని ముందు ఈ పనికి వాడండి. 'కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు' అని కాపలా మనిషికీ, పక్క గుంట వాళ్ళకీ, మీకూ ఫోన్ చేయించండి. వారానికోసారి పగలు మెయిన్ ఆపి చూస్తే రాత్రి సంగతి ముందే తెలిసిపోతుంది.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్తే ప్యానెల్ తలుపు తీయించి మూడు ప్రశ్నలడగండి. ఎర్ర బటన్ ఏ వైరుని కోస్తుంది? రెండు కాంటాక్టర్లూ కలవకుండా ఆపేదేది? స్టార్ట్ కాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎలక్ట్రీషియన్ 'అవన్నీ ఎందుకు సార్, దండగ ఖర్చు' అంటే బేరమాడకండి, పెట్టించండి. స్టార్ట్ బటన్‌కి మాత్రం తొందరేం లేదు, దాన్ని ఆఖర్న కట్టుకోవచ్చు :)